రవ్వ మరక లేని సంతకం

మా నాన్నకు చివరిదాకా నా ఉద్యోగం ఏమిటో అర్థం కాలేదు. "సంతకాలు పోగుచేసేవాళ్ళ కోసం అచ్చయ్యే గైడు పుస్తకాలు నమ్మదగినవో కావో చూసి చెబుతాను" అంటే, ఆయన చాలాసేపు ఆలోచించి, "అంటే నువ్వు సంతకాలు పెట్టవు. సంతకాలు అమ్మవు. సంతకాల మీద ఎవరో రాసిన పుస్తకం మీద నువ్వు నాలుగు మాటలు రాస్తావు. దానికి జీతం ఇస్తారా?" అన్నాడు. ఇచ్చేవారు. ఎంత అని ఆయన అడగలేదు, నేనూ చెప్పుకునే స్థితిలో లేను.

ఈ మధ్య ఈ పనిలోకి చదువుకున్న పిల్లలు వస్తున్నారు. నా కాలంలో లేని మంచి భూతద్దాలూ దీపాలూ ఉన్నాయి వాళ్ళ దగ్గర. వాటి సంగతి నాకంటే వాళ్ళకే బాగా తెలుసు. నేను రాసేది భూతద్దంలో కనపడని విషయాలు. నా అర్హత కూడా ముందే చెప్పేస్తాను: నా సంతకం నేనే రెండోసారి అలాగే పెట్టలేను. ఒకసారి బ్యాంకులో గుమాస్తా నా చెక్కు వెనక్కి ఇస్తూ, "సార్, మీరు మీలాగా లేరు" అన్నాడు. ఇతరుల చేవ్రాళ్ళ మీద తీర్పు చెప్పడానికి అంతకంటే ఏం కావాలి?

నాయుడుగారి బల్ల

1950లలో మద్రాసు మౌంట్ రోడ్డు వెనక సందులో కన్నయ్య నాయుడుగారి కొట్టు ఉండేది. పాత పుస్తకాలు, పటాలు, సంతకాల ఆల్బములు అమ్మేవారు. నా ఉద్యోగం అక్కడే. నాయుడుగారి కుటుంబం తరతరాలుగా పురసవాక్కంలోనే ఉంది. ఆయన తెలుగులో అరవం ఎక్కడ మొదలవుతుందో ఆయనకే తెలియదు. ఆంధ్రరాష్ట్రం విడిపోయిన కొత్తలో మా నెల్లూరు చుట్టాలంతా "ఇంకా అక్కడేం పని, వచ్చెయ్యి" అని నన్ను పిలిచారు. నాయుడుగారు మాత్రం, "పోతే పోప్పా. ఆడ సంతకాలు పెట్టే పెద్దోళ్ళు ఉంటారు. ఈడ పెట్టించుకునే పిచ్చోళ్ళు ఉండారు. నీకు కూడు పెట్టేది ఎవరు?" అన్నారు. ఉండిపోయాను.

శనివారం సాయంత్రాలు ఆ పిచ్చోళ్ళంతా కొట్టుకు వచ్చేవారు. వాళ్ళలో డాక్టర్లు, వకీళ్ళు, కాలేజీ మేష్టర్లు, కోడంబాక్కం సినిమా స్టూడియోల నుంచి ఒక మేకప్ ఆయన ఉండేవారు. ఆల్బములు విప్పేవారు, పోట్లాడుకునేవారు. నీది అసలు, నాది దొంగ అని ఎవరూ అనరు కదా! తగువు తీర్చడానికి కొట్టు మధ్యలో ఒక పెద్ద బల్ల, దాని మీద గైడు పుస్తకాలు. ఫలానావారి సంతకం ఇలా ఉంటుంది, ఇలా ఉంటే నమ్మొద్దు అని అచ్చు బొమ్మలతో చెప్పే పుస్తకాలు అవి. నేను చదివి సరే అన్న పుస్తకం బల్ల మీద ఉండేది. కాదన్నది బల్ల కిందికి పోయేది. బల్ల కింద పుస్తకాలు ఎప్పుడూ ఎక్కువే. బల్ల కుంటికాలు కింద పెట్టడానికి పనికొచ్చేవి.

నాకు మొదటి పాఠం నేర్పింది నాయుడుగారే. "కొత్త పుస్తకం వస్తే, నీకు బాగా తెలిసిన మనిషి పేజీ ముందు చూడప్పా. తెలిసినోడి కాడ తప్పు రాసినోడు, తెలియనోడి కాడ ఒప్పు రాస్తాడా?" ఆయన చిన్ననాటి స్నేహితుడొకాయన నాటకాల్లో పేరు తెచ్చుకున్నాడు. ఏ గైడు వచ్చినా నాయుడుగారు మొదట ఆ స్నేహితుడి పేజీ తీసి, కళ్ళజోడు పైకి నెట్టి చూసేవారు. నిమిషంలో పుస్తకం తలరాత తేలిపోయేది.

రెండో పాఠం నా తెలివే నేర్పింది. ఒక గాయని సంతకం గురించి రెండు వేర్వేరు గైడులు ఒకే మాట చెప్పాయి: పేరు కింద ఒక చుక్క ఉంటుంది, అది ఆవిడ అలవాటు అని. ఇద్దరు సాక్షులు దొరికారు, ఇంకేం కావాలని నేను మా శనివారం సభ్యులందరికీ ఉపన్యాసం ఇచ్చాను. తీరా చూస్తే ఆ చుక్క మొదటి పుస్తకం అచ్చు దిమ్మ మీద లేచిన పొక్కు. రెండో ఆయన మొదటి పుస్తకంలోంచి బొమ్మను పొక్కుతో సహా ఎత్తుకున్నాడు. ఆయన చేతివాటాన్ని నేను ఆవిడ చేతిరాత అనుకున్నాను. అప్పటినుంచీ రెండు పుస్తకాలు ఒకే మాట చెబితే నాకు ధైర్యం రాదు, అనుమానం వస్తుంది.

కోడంబాక్కం సంగతి మీరు వినే ఉంటారు. అభిమానుల ఉత్తరాలకు పోయే ఫోటోల మీద హీరోగారి బదులు బావమరిది సంతకం పెట్టడం అక్కడ మామూలు. ఒక గైడులో బావమరిది సంతకమే అసలుగా ఎక్కింది. హీరోగారు మా కొట్టుకు వచ్చినప్పుడు ఎవరో సరదాకి ఆయన చేత సంతకం పెట్టించి, పుస్తకంతో పోల్చి చూపించారు. ఆయన పెట్టింది దొంగదని తేలింది. ఆయన పగలబడి నవ్వి, "సరే, ఇంటికి పోయి మా బావమరిది దగ్గర నేర్చుకుంటాలే" అన్నారు. ఈ రకం తప్పులు పట్టుకోవడం సులువు. పట్టుకోవడం కష్టమైనది, మంచి మనిషి మంచి మనసుతో రాసిన మంచి పుస్తకంలో ఉండే తప్పు.

సీతాపతిగారి పుస్తకం

సీతాపతిగారు లెక్కల ఆఫీసులో పనిచేసి రిటైరయ్యారు. మద్రాసులో ఆయన వినని కచేరీ లేదు. కచేరీ అయిపోగానే వేదిక వెనక గదికి వెళ్ళి, విద్వాంసులకు నమస్కారం పెట్టి, ఆల్బం చాపేవారు. అలా జీవితమంతా పోగుచేసినవాటికి తోటివాళ్ళ దగ్గరున్నవీ కలిపి సంగీత విద్వాంసుల సంతకాల గైడు వేశారు. ప్రతి బొమ్మ కింద ఆ సంతకం ఎవరి ఆల్బంలోదో వారి పేరు వేశారు, 'ఫలానావారి సౌజన్యంతో' అని. ఇంకొకరి బొమ్మ ఎత్తుకోలేదు. తెలియనిచోట తెలియదని రాశారు. ఈ పనిలో 'తెలియదు' అనే మాట ఉన్న పుస్తకం దొరకడం అదృష్టం. మెచ్చుకున్నవాళ్ళలో నేనే ముందు. పుస్తకం బల్ల మీదికి ఎక్కింది, బాగా అమ్ముడుపోయింది. నమ్మకానికీ అమ్మకానికీ మొదటి అక్షరమే తేడా అని నాయుడుగారి దగ్గర నేను వేళాకోళం చేసేవాణ్ణి.

అందులో అందరికీ నచ్చిన పేజీ ఒక మృదంగ విద్వాంసుడిది. పేరు చెప్పను. ఆయన పేరు మీద ఇప్పటికీ కొత్త సంతకాలు పుడుతున్నాయి, ఇంకా ప్రోత్సహించడం ఎందుకు? మృదంగానికి ఎడమవైపు తోలు మూత మీద తడిపిన రవ్వ ముద్ద అద్దుతారు, నాదం గంభీరంగా రావడానికి. కచేరీ అయ్యేసరికి విద్వాంసుడి ఎడమ చేతికి ఆ రవ్వ అంటుకుని ఉంటుంది. ఆ చేత్తో ఆల్బం పట్టుకుని కుడిచేత్తో సంతకం పెడతారు గనక, కాగితం ఎడమ అంచున బొటనవేలి మేర తెల్లటి మరక పడుతుంది. సీతాపతిగారు ఇది గమనించి రాశారు: "ఈయన సంతకం ఎప్పుడూ పెద్ద అక్షరాలతో, వాలుగా, విరివిగా ఉంటుంది. ఎడమ అంచున రవ్వ మరక ఉంటుంది. మరక లేనిది, చిన్న అక్షరాలది నమ్మవద్దు."

మా శనివారం సభ్యులు మురిసిపోయారు. ముద్ర లేకపోయినా ఫరవాలేదు, ముద్ద ఉంటే చాలన్నమాట!

గైడులో గుర్తు అచ్చయితే, గుర్తు తయారుచేసేవాళ్ళూ బయల్దేరతారు. కొన్నాళ్ళకే ఆ విద్వాంసుడి సంతకాలు కుప్పలుగా రావడం మొదలైంది. అన్నిటికీ మరక ఉంది. ఒక పెద్దమనిషి తెచ్చిన ఆల్బం తెరవగానే నాయుడుగారు ముక్కు ఎగబీల్చి, "ఏంది సార్, ఈ కచేరీలో తిరగమోత గూడా పెట్టినారా?" అన్నారు. పొద్దున మిగిలిన ఉప్మాతో అద్దినట్టున్నారు, మరకలో ఒక ఆవగింజ కూడా ఉంది. ఇంకొకాయన దోసెల పిండి వాడాడు, అది పులిసింది. ఇవన్నీ నవ్వుకోవడానికి బాగానే ఉన్నాయి. దొంగ సంతకానికి మరక వచ్చిందని నవ్వుకున్నాం గానీ, అసలు సంతకానికి మరక లేకపోతే ఏమవుతుందో ఎవరమూ ఆలోచించలేదు.

అట్టముక్క

ఒక శనివారం మధ్యాహ్నం, సభ్యులు రాకముందు, ఎస్తేరమ్మ వచ్చింది. పెరంబూరు రైల్వే వర్క్‌షాపు క్వార్టర్సు అవతల ఉంటుందట. ఒక డాక్టరమ్మ ఇంట్లో ఆయాగా చేస్తోంది. చేతిలో బైబిలు. అందులోంచి పోస్టుకార్డు అంత తెల్ల అట్టముక్క తీసి బల్ల మీద పెట్టింది. దాని మీద ఆ మృదంగ విద్వాంసుడి పేరు. చిన్న అక్షరాలు, నిటారుగా, ముత్యాల్లాగా ఉన్నాయి. మరక లేదు.

"ఈ బుక్కు అమ్మేది ఈడనేనా సార్?" అంది, సీతాపతిగారి పుస్తకం వైపు చూపించి.

"ఈడనేమ్మా. కావాలా?" అన్నారు నాయుడుగారు.

"నాకెందుకు సార్, ఆ బుక్కుతోనే గదా వచ్చింది తంటా. మా ఇంటాయన యేసురత్నం వర్క్‌షాపులో తోలు బెల్టులు కుట్టేవాడు. సెలవొస్తే మృదంగాలకు మూతలు కట్టేవాడు, వాళ్ళ నాయన కాడ నేర్చుకున్న పని. ఈ పెద్దాయన తనకు సంతకం పెట్టిచ్చినాడని మా పేటంతా చెప్పుకున్నాడు. ఎవురూ నమ్మలా. అంత పెద్దాయన నీకు పెట్టినాడా పో పోరా అన్నారు. ఇప్పుడాయన కీల్పాక్ సమాధుల తోటలో పండుకోనుండాడు. మొన్న మా డాక్టరమ్మకు సంతకాల పిచ్చుండాదని తెలిసి, ఇది చూపిస్తిని. ఆయమ్మ ఈ బుక్కు తీసి చూసి, ఇది దొంగది ఎస్తేరూ అనింది."

"అమ్మాలనుకుంటున్నారా?" అని అడిగాను. ఆ కొట్టులో కూర్చుంటే నోటికి వచ్చే ప్రశ్న అదే.

ఆమె నన్ను చూసిన చూపుకు నేను కుర్చీలో కొంచెం సర్దుకున్నాను. "అమ్మేదానికి కాదు సార్. మా ఆయన అబద్ధాలకోరా, కాదా? అది చెప్పండి, చాలు."

నాయుడుగారు నా వైపు తిరిగారు. "చెప్పప్పా. మెచ్చుకునింది నువ్వే గదా."

పుస్తకం ప్రకారం జవాబు ఒక్క మాట. ఆ మాట నా నోట రాలేదు. ఆమె మీద జాలితో కాదు. దొంగ సంతకం చేసేవాడు గైడు చూసి చేస్తాడు, పెద్ద అక్షరాలు రాస్తాడు, ఉప్మా అద్దుతాడు. ఈ అట్టముక్క మీద సంతకం ఎవరినీ మెప్పించాలని చూడటం లేదు. నాకు అది అంతుపట్టలేదు.

"ఇది మీ ఆయన ఎప్పుడు తెచ్చారమ్మా? ఏ కచేరీలో?"

"కచేరీకి ఆయన్ని ఎవురు రానిస్తారు సార్? మూత కట్టిన మృదంగం ఎత్తుకోని తెల్లారే పోయేవాడు. వాళ్ళింటి వెనకాల వాకిట్లో ఇచ్చి వచ్చేది. పెద్దాయన స్నానం చేయకముందే రమ్మనేవాళ్ళు."

ఎందుకని ఆమె చెప్పలేదు, నేను అడగలేదు. మాకిద్దరికీ తెలుసు.

"ఒక వారం టైము ఇవ్వండమ్మా" అన్నాను. అట్టముక్క మా దగ్గర వదిలి వెళ్ళింది. వెళ్తూ రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది, మమ్మల్ని కాదు, దాన్ని.

పొద్దుటి చెయ్యి

మీరు వెంటనే అడుగుతారు, సంతకం పెట్టినాయన బతికే ఉన్నాడు కదా, పోయి అడిగితే సరిపోదా అని. ఇది ఈ పనిలో కొత్తవాళ్ళందరికీ వచ్చే ఆలోచన. అడగొద్దు. పెద్దవాళ్ళు వేలల్లో పెట్టి ఉంటారు, ఏదీ గుర్తుండదు. మర్యాదకు ఔనంటారు, విసుగొస్తే కాదంటారు. రెండూ సాక్ష్యాలు కావు. అడగకుండా ఆయన రాస్తుంటే చూడాలి.

కచేరీ లేని ఒక రోజు తెల్లవారుజామున ఆయన ఇంటికి వెళ్ళాను. ముందు తలుపు ఇంకా తీయలేదు. వెనక వాకిట్లో ఆయన చన్నీళ్ళు ముఖం మీద చల్లుకుంటున్నారు. కచేరీల్లో శాలువాలతో చూసిన మనిషి, తువ్వాలుతో చాలా చిన్నగా కనిపించారు.

"ఎవరు నాయనా? పాల లెక్కా?" అన్నారు.

నా ముఖం చూస్తే అందరికీ అలాంటిదే ఏదో గుర్తొస్తుంది. కాదని చెప్పి, తెల్లకాగితమూ కలమూ చాపి, సంతకం కావాలన్నాను.

"ఈ వేళప్పుడా? కచేరీ అయినాక రండి, అందరూ అప్పుడే వస్తారు" అని నవ్వుతూనే కాగితాన్ని బావి గట్టు మీద పెట్టి రాసేశారు.

చూశాను. చిన్న అక్షరాలు. నిటారుగా, ముత్యాల్లాగా.

సంచిలోంచి సీతాపతిగారి పుస్తకం తీసి ఆయన పేజీ చూపించాను. ఆయన 'ఎప్పుడూ' అన్న వాక్యం పైకి చదివి, కుడిచేయి నా ముందు పెట్టారు. వేళ్ళ చివర చర్మం గవ్వల్లాగా గట్టిపడి ఉంది. "మూడు గంటలు వాయించినాక ఈ వేళ్ళు నా మాట వింటాయా అయ్యా? కలం పట్టుకున్నదీ లేనిదీ కూడా తెలియదు. అందుకే అంత లావున రాస్తాను. అది నా అక్షరం కాదు, మృదంగం అక్షరం."

అప్పుడు అట్టముక్క తీశాను. ఆయన అటూ ఇటూ తిప్పి చూశారు. ఎవరికి ఇచ్చారో గుర్తులేదన్నారు. "పెరంబూరు యేసురత్నమట. మూతలు కట్టేవాడట" అన్నాను.

"పెరంబూరు మూతా!" అన్నారు ఆయన. ముఖం మారిపోయింది. "మనిషి సరిగా గుర్తులేడు నాయనా, ఆ చీకట్లో ఎప్పుడు చూశాను గనక. ఆ మూత మాత్రం గుర్తుంది. ఎంత వానలో పోయినా శ్రుతి దిగేది కాదు. అలాంటి మూత ఇచ్చినవాడు కాగితం చాపితే పెట్టనా? ఇప్పుడు రావడం మానేశాడు. ఇంకెవరి దగ్గరో కుదురుకున్నాడనుకున్నాను."

"పోయాడండి" అన్నాను.

స్నానానికి నీళ్ళు కాగాయని లోపలినుంచి ఆయనకు పిలుపు వచ్చింది. వెళ్ళలేదు. అట్టముక్కను తడి చేతులతో తాకకుండా తువ్వాలుకు తుడుచుకుని, రెండు చేతులతో నాకు తిరిగి ఇచ్చారు.

ఒక్క మాట తప్పు

అక్కణ్ణుంచి నేరుగా సీతాపతిగారింటికి వెళ్ళాను. మంచి మనిషికి తప్పు చూపించడం కంటే దొంగకు దండం పెట్టడం సులువనిపించింది దారి పొడుగునా. ఆయన రెండు సంతకాలూ పక్కపక్కన పెట్టుకుని, భూతద్దం తీసుకున్నారు, మళ్ళీ పెట్టేశారు. అవసరం లేకపోయింది.

"జీవితమంతా ఆయన్ని చూశాను" అన్నారు చివరికి. "కానీ ఎప్పుడూ కచేరీ అయ్యాకే చూశాను. పొద్దున ఆయనకు ఇంకో చెయ్యి ఉంటుందని నాకేం తెలుసు? ఆ వాకిట్లోకి వెళ్ళేవాళ్ళను అడగాలని కూడా తోచలేదు. వాళ్ళ దగ్గర సంతకాలు ఉంటాయని అనుకుంటేగా!"

ఆయన పుస్తకంలో ఒక్క బొమ్మ కూడా దొంగది కాదు. చెప్పిందంతా కళ్ళారా చూసి చెప్పిందే. తప్పు ఒకే ఒక మాటలో ఉంది: 'ఎప్పుడూ.' ఆ తర్వాత ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఏ గైడు చదివినా నేను ముందు ఆ మాట కోసమే వెతికాను. సంతకాలు ఎవరిచ్చారో చూడటం అందరూ చేస్తారు. రాసినాయన ఎవరిని అడగలేదో చూడండి. ముందు ద్వారం నుంచి సభకు వెళ్ళినవాళ్ళ దగ్గరే నమూనాలు తీసుకున్న పుస్తకం, ఎంత నిజాయితీగా రాసినా, వెనక వాకిటి నుంచి వచ్చినవాణ్ణి అబద్ధాలకోరును చేస్తుంది.

సీతాపతిగారు మిగిలిన ప్రతులన్నిటిలో ఆ పేజీకి సవరణ చీటీ తన చేత్తోనే అంటించారు. నాయుడుగారికి కోపం వస్తుందనుకున్నాను, చీటీ ఉన్న పుస్తకాన్ని ఎవరు కొంటారని. ఆయన జిగురు డబ్బా తెచ్చి ముందు పెట్టి, "ఉప్మా కంటే ఇది మేలప్పా" అన్నారు. పుస్తకం బల్ల మీదే ఉండిపోయింది. తప్పు ఒప్పుకున్న గైడును నేనెప్పుడూ బల్ల కిందికి పంపలేదు.

శనివారం ఎస్తేరమ్మ వచ్చింది. సీతాపతిగారు కూడా వచ్చి కూర్చున్నారు. నేను ఉపోద్ఘాతం సిద్ధం చేసుకున్నాను, చెయ్యి గురించీ వేళ గురించీ. ఆమె ముఖం చూశాక అదంతా మింగేసి, "అసలుదేనమ్మా. మీ ఆయన నిజమే చెప్పారు" అన్నాను. విద్వాంసుడు మూత గురించి అన్న మాట కూడా చెప్పాను.

ఆమె సంతోషిస్తుందనుకున్నాను. బల్ల అంచు పట్టుకుని నిలబడిపోయింది.

"పేటలో వాళ్ళు నమ్మలేదని చెప్తిని గదా సార్" అంది. "నేను గూడా నమ్మలా. అన్నం పెడ్తా పెడ్తా ఎగతాళి చేసేదాన్ని. ఏం దొరా, ఈ పొద్దు ఏ పెద్దాయన సంతకం పెట్టినాడు అని. ఆయన నవ్వేసి తినేవాడు. ఒక్కనాడు గూడా ఎదురు చెప్పలా."

సీతాపతిగారు తన పుస్తకం ముందుకు లాక్కుని, ఆ అట్టముక్క ఇస్తే బొమ్మ తీయించి, పుస్తకం మళ్ళీ అచ్చువేసేటప్పుడు పెద్ద సంతకం పక్కనే వేస్తానన్నారు. కింద 'పెరంబూరు యేసురత్నంగారి సౌజన్యంతో' అని ఉంటుందన్నారు.

"గారు అని వేస్తారా సార్?"

"వేస్తానమ్మా."

ఆమె అట్టముక్క తీసుకుని బైబిలులో పెట్టుకుంది.

"సోమవారం తెచ్చిస్తా సార్. ఆదివారం ప్రార్థన అయినాక కీల్పాక్‌కు పోతా. అందాకా నా కాడనే ఉండనీండి. ముందు ఆయనకు చూపించాల."